తలకట్టు లేని అక్షరం

హలో… ఆ, నేనే. షెడ్డులోనే ఉన్నా.

చెప్పండి అయ్యగారూ.

…మరెలా పిలవమంటావు? మీ సంఘంలో అందరూ అలాగేగా పిలిచేది… ఓహో, బావకి వేరే పద్ధతా. సరే. చెప్పు.

రాయా? ఉంది. నా ముందే ఉంది.

లేదు, పూర్తవలేదు… మూడింటికి వ్యాను వస్తుంది… ఇప్పుడు ఒకటిన్నర. తెలుసు. నా దగ్గరా గడియారం ఉంది.

పేరు చెక్కా. పుట్టిన తేదీ చెక్కా. పోయిన తేదీ చెక్కా. కింద ఉండే ఆ ఒక్క ముక్కే మిగిలింది—

అదీ సంగతి. ఆరు వారాల్లో ఒక్క ఫోను లేదు. ఇవాళ మోగేసరికి ఏమిటా అనుకున్నా.

…ఊ.

…ఊ. నాలుగింటికి పెద్దలు కూర్చుంటారు. కూర్చోనీ… వింటున్నా, చెప్పు… "రాజ్యము వచ్చును" అని ఉంటే రాయి సమాధుల తోట గేటు దాటుతుంది. "రాజ్యము వచ్చినది" అని ఉంటే దాటదు. అంతేగా? దీనికింత తిప్పి తిప్పి చెప్పడం ఎందుకు?

నేను వాదించను. వాదించేది మీ అక్క. నాకు చదువేదీ? మూడో తరగతితో సరి. గుణింతం అయ్యేసరికి మానేశా.

…బతిమాలానా? ఎప్పుడు?

అవును. బతిమాలా. మీ పాప పక్కన చోటుంది, తనని అక్కడ పెట్టనివ్వమన్నా. పెట్టనిచ్చావు. కాదనను. కానీ ఊరికే మట్టి కప్పి రావాల్సి వచ్చింది. పెద్దలు మాట చూసుకున్నాకే రాయి అన్నారు. ఆరు వారాలు. రాళ్ళు చెక్కేవాడి భార్య, నెత్తిమీద రాయి లేకుండా పడుకుంది.

…సంఘం పుస్తకంలో తన పేరు కొట్టేసింది ఎవరు మరి?

పెద్దలంతా కలిసి. మొదట చెయ్యెత్తింది ఎవరు?

…సరే. వదిలెయ్.

ఏమంత అడిగింది తను? సంఘం కూడికలో లేచి నిలబడి ఒక్క మాట అడిగింది. రాజు సింహాసనం మీద కూర్చున్నాడని నువ్వే పాడిస్తున్నావు, మరి దేవుడి రాజ్యం ఇంకా రాలేదంటావేంరా తమ్ముడూ, అని… "రా" అన్నందుకా కోపం? పుట్టినప్పటి నుంచీ ఎత్తుకున్న మనిషి, అంతమందిలో గారూ అనడం మర్చిపోయింది… అవును, వెనక బెంచీలో నవ్వారు. నేనూ నవ్వా.

తెలుసు. నీ వైపు మాటా విన్నా. పాతికేళ్ళు విన్నా. రాజు తిరిగి వస్తాడు, అప్పుడు కదా రాజ్యం. ఇప్పుడే వచ్చేసి ఉంటే ఈ ఆసుపత్రులెందుకు, ఈ చావులెందుకు… ఆ, ఈ రాళ్ళెందుకు. అదీ అన్నావు. ఆయనొచ్చాక బావకి పని దొరకదన్నావు. ఆ రోజు బాగానే నవ్వించావు.

తనేమనేదో నీకూ తెలుసు… పునాది పడి, గోడలు లేచి, మనుషులు లోపల వండుకు తింటుంటే ఇల్లు లేదంటారా? పైకప్పు ఇంకా పడలేదంటారు గానీ, అనేది.

…కేకలెయ్యకు. నా చెవులు బాగానే ఉన్నాయి.

విను. నేను ఆగింది మీ పెద్దల కోసం కాదు. ఒక అక్షరం దగ్గర ఆగిపోయా.

…చెప్తా. నీకూ తెలిసిన పనే. దేవుడి వాక్యం చదువుకోడానికి పోకముందు రెండేళ్ళు నా దగ్గర ఉలి పట్టావు. మీ అక్క సుద్దతో రాసేది, నేను దాని మీద చెక్కేవాణ్ణి. నలభై ఏళ్ళూ అంతే. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది, రాయి చేయించుకునేవాడు చూస్తే తన్ని పోతాడు. తన రాయి కూడా తనే రాసుకుంది. పోవడానికి రెండు రోజుల ముందు. మంచం షెడ్డులోకి మోయించుకుని, పక్కకి ఒరిగి పడుకుని రాసింది. రాసి గోనెపట్టా కప్పేసింది. నేను పోయాక తియ్యి అంది.

తీశా. పాతిపెట్టి వచ్చిన సాయంత్రం తీశా.

పేరు బాగుంది. తేదీల చోటు వదిలింది. "రాజ్యము" బాగుంది. "వ" బాగుంది. తర్వాత చ. కింద ఒత్తు చక్కగా ఉంది. పైన ఏమీ లేదు. తలకట్టు లేదు. గుడి లేదు. పక్కన కొమ్ము లేదు. అంతా పులుముకుపోయింది.

…అదే. గుడి పెడితే వచ్చి. వచ్చినది. కొమ్ము పెడితే వచ్చు. వచ్చును.

పక్క అక్షరమా? నేనూ ముందు అదే చూశా. న. సగం మిగిలింది. దానికీ న వస్తుంది, దీనికీ న వస్తుంది. ఆ తర్వాతంతా తెల్లటి మరక.

…గుడి గుడి అని అంత గట్టిగా అనకు. ఆఫీసులో పెద్దలెవరైనా వింటే అయ్యగారు మతం మారుతున్నారనుకుంటారు…

నవ్వలేదా. సరే.

…ఊ. ఎలాగూ తెలియదు కాబట్టి కొమ్ము పెట్టేయమంటావు.

నీకు తెలియదా?

…

చెరిపింది వాన కాదు. షెడ్డుకి రేకులున్నాయి… పిల్లి కూడా కాదు. పిల్లికి ఇంత అరచెయ్యి ఉండదు.

అరచెయ్యే. నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు. చిటికెన వేలు బయటికి వంకర.

…

హలో?

…ఉన్నావా?

ఆ వేలు ఈ షెడ్డులోనే విరిగింది. నా సుత్తి కిందే విరిగింది. మీ అక్క కట్టు కట్టింది. సరిగా అతకలేదు. అలాంటి వేలు ఇంకెవరికైనా ఉందేమో. నేను చూళ్ళేదు.

మీ అక్కని తీసుకెళ్ళే రోజు జనం అంతా ముంగిట్లో ఉన్నారు. నువ్వు ప్రార్థన చేసుకుంటానని షెడ్డులోకి ఒక్కడివే వచ్చావు. బయటికొచ్చి నా చెయ్యి పట్టుకున్నావు. నా చేతికి సుద్ద అంటింది.

…ఎందుకడగలేదంటే… అడగలేదు. అంతే. నువ్వే చెప్తావనుకున్నా. ఒక వారం చూశా. ఇంకో వారం చూశా.

పెట్టెయ్యకు. ఇప్పుడు పెట్టేస్తే మళ్ళీ నీ ఫోను ఎత్తను.

…జారిందా. పట్టా ఎత్తి చూశావు, ఏడుపొచ్చి ఆనుకున్నావు, చెయ్యి జారింది… సరే. జారిందనే అనుకుందాం. జారకముందు చదివావుగా?

…చదవకుండా ఉండవు. అందులోనూ మీ అక్క రాత.

అదే అడుగుతున్నా. గుడా, కొమ్మా? చూసింది నువ్వొక్కడివే. నువ్వేది చెప్తే అది చెక్కుతా. ఎవరికీ చెప్పను. ఇంకోసారి అడగను.

…నాకు తెలిసే ఉంటుందా?

తను ఏం నమ్మేదో తెలుసు. కానీ ఆఖరి వారం నువ్వు రోజూ వచ్చావు. తలుపు దగ్గరికేసి కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. ఆ తర్వాతే తను సుద్ద అడిగింది. మారిందేమో. మనిషి మారకూడదని ఏముంది? నేను ఊహించి రాయి కొట్టలేను. కాగితమా కొట్టేసి మళ్ళీ రాయడానికి.

…

…కొమ్మా.

కొమ్మేనా?

సరే.

లేదు. కోపం లేదు. మాటిచ్చా కదా… ఉలి తీసుకున్నా. ఒక చేత్తో కుదరదు, ఫోను రాయి మీద పెడుతున్నా. ముందు తలకట్టు, తర్వాత కొమ్ము. తలకట్టు పడిందంటే ఇక గుడికి చోటుండదు. నువ్వు వింటూ ఉండు.

…

…

ఏంటి?… ఆగు, తీస్తున్నా… ఇప్పుడు చెప్పు. రాయి మీద సరిగా వినపళ్ళేదు.

ఆపమన్నావా?

ఆపా. ఇంకా కొట్టలేదు. ఉలి ఆనించా, అంతే.

…ఊపిరి తీసుకో.

…ఊ.

…ఊ. పాప సంగతి ఇప్పుడెందుకు?

సరే, చెప్పు. వింటున్నా.

…నాలుగేళ్ళ పిల్ల. నాకు గుర్తుండదా? ఆ చిన్న రాయి చెక్కింది నేనేగా. నా మొత్తం పనిలో అంత చిన్న రాయి ఇంకోటి లేదు… రాజ్యము వచ్చును. అవును. అదే చెక్కా. నువ్వు అడిగిందే.

…ఊ… వచ్చేసిన రాజ్యంలో నా పిల్ల మట్టిలో ఎందుకుంది అని… అక్కనే అడిగావా? ఆఖరి వారమా?

తనేమంది?

…

ఏమీ అనలేదు. చెయ్యి పట్టుకుంది… అలాగే చేసి ఉంటుంది. తనకి మాటలకేం తక్కువ లేదు. దొరకనప్పుడు దొరకలేదని ఒప్పుకునేది.

…అంటే, ఆ అక్షరం చూడగానే… ఊ… రాబోయేదంతా వచ్చేసింది, అయిపోయింది, ఇంతే అని ఎవరో అన్నట్టు. పిల్లని రెండోసారి తీసుకుపోయినట్టు… అందుకని చెయ్యి పెట్టావు.

జారలేదు.

…సరే. జారలేదు. విన్నా.

ఏడవకు… సరే, ఏడువు. తలుపేసి ఉందిగా.

…

విను. పాప రాయిని ఎవరూ ముట్టుకోరు. ఆ కొమ్ము అలాగే ఉంటుంది. దానికి సుద్ద పెట్టింది ఎవరో గుర్తుందా?… ఆ. మీ అక్కే. అప్పటికే తను వచ్చింది వచ్చింది అంటోంది. నీతో రోజూ పోట్లాట. అయినా నువ్వు చీటీ మీద పంపిన మాట ఉన్నదున్నట్టు రాసింది. నేనే ఉండబట్టలేక అడిగా. ఇది నువ్వు నమ్మవుగా, అని.

"వాడు నమ్ముతాడుగా" అంది.

…అంతే. సుద్ద దులుపుకుని లేచింది.

…నీకు చెప్పలేదా? నాకు చెప్పడం గుర్తుండదు. తనుంటే చెప్పేది.

ఇప్పుడు చెప్పు.

…గట్టిగా.

…

గుడి.

ఊ. విన్నా.

…వాళ్ళకేం చెప్తావో నాకు తెలియదు. అది నీ పని. రాయి నా పని. రాయి గేటు దాకా తెస్తా. తాళం నీ దగ్గరుంటుంది… అవును, నీ పేరూ కొట్టేస్తారేమో. మొదట ఎవరు చెయ్యెత్తుతారో చూసుకో.

…నేనా? నేనేది నమ్ముతానంటే… పాతికేళ్ళ తర్వాత ఇవాళ అడిగావు. నాకు తెలియదు. నా రాయికి సుద్ద పెట్టేవాళ్ళు లేరు, నువ్వే పెట్టాలి. నీకు తోచింది రాసుకో. నేను లేచొచ్చి తప్పులు చూస్తానా ఏమిటి?

…లేచి చూస్తానంటావా. ఆ, నీ లెక్కన అదీ నిజమే. అయితే ఒత్తులు సరిగా పెట్టు.

హమ్మయ్య. నవ్వావు.

…బరువే. నలుగురు పట్టాలి. వ్యానువాడూ, వాడితో వచ్చేవాడూ, నేనూ… వస్తావా? నాలుగింటికి నీ మీటింగు… దారిలో దిగుతావా. సరే. మూడింటికల్లా ఉండు. ఆ నల్ల కోటు మాత్రం వేసుకు రాకు. సుద్ద అంటుతుంది.

…ఏం లేదురా. ఉంటా.

ఇక పెట్టెయ్. గుడికి రెండు చేతులూ కావాలి.