రాయమల్లు కాఫీసార

1957. శివరాత్రి దాటింది, ఎండ ముదురుతున్నది. నస్పూర్ బొగ్గుబాయి దొర బంగళాకు వంటమనిషిని వెతుక్కుంట బాలమల్లు మేస్త్రి ఊర్లెకు వచ్చి, ఐలవ్వ చాయ్ హోటల్ అరుగు మీద కూసున్నడు. దొరకు చాయ్ పడదు, కాఫీ కావాలె అన్నడు. ఊర్లె కాఫీ మొఖం చూసినోడు రాయమల్లు ఒక్కడే. అడవి దొర డేరాల గిన్నెలు తోమినప్పుడు చూసిండు. ఈ నౌకరి చేజారితే మళ్ల కూలికి పోవుడే. అందుకే గొంతు సవరించుకున్నడు.

"కాఫీ ఏం లెక్క మేస్త్రీ! నేను కాఫీసారనే చేసిన. దొరలు సీసాలల్ల తాగుతరు చూడు, తియ్యగ, నల్లగ, గది! మొన్నీమధ్య ఇంట్లనే ఇప్పసారల కాఫీడికాషిన్ పోసి, బెల్లంపాకం కలిపి, కుండ మూతికి గుడ్డ కట్టి వడ్లగుమ్మిల పెట్టిన."

"మంచిగైందా?" మేస్త్రి జర ముందుకు జరిగిండు.

ఆ జరుగుడుకే రాయమల్లుకు పానం లేచి వచ్చింది.

"మంచిగనా? గుడ్డ ఇప్పంగనే ఆ వాసనకు, మంచంల పడ్డ గంగయ్య తాత లేచి తాటిచెట్టు ఎక్కిండు, దిగుమంటే దిగడు! ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? పులి వచ్చింది. కుండ అంచు నాకింది. ఇగ దానికి నిద్ర ఏడిది? తెల్లారేదాక మా జొన్నచేను చుట్టూ తిరిగి అడవిపందులను తరిమి, పొద్దుగాల నాకు దండం పెట్టి పోయింది."

"పంజాతోనా?" పెండ్లిళ్లకు వంట చేసే హనుమండ్లు అడిగిండు. ఆయన కన్ను కూడ ఆ నౌకరి మీదనే ఉంది.

"మరి దానికి చేతులుంటయారా!"

అరుగంత నవ్విండ్రు. మేస్త్రి కూడ నవ్విండు. నౌకరి చేతికందినట్టే అనిపించింది. రాయమల్లు ఇగ ఆగలే.

"కొంచెం తీస్కపోయి మంచిర్యాల టేషన్ల ఇంజన్ల పోస్తే, బొగ్గు లేకుంటనే కాజీపేట దాక ఉరికింది!"

"గట్లయితే మా బొగ్గుబాయి మూసుకోవాల్నా?"

"ఫికర్ చెయ్యకు మేస్త్రీ, ఇగ దొరకే చేస్త! ఇంకా విను. కుండ కడిగిన నీళ్లు కోడి తాగి అర్ధరాత్రి కూసింది. లేటయిందనుకొని సూర్యుడు పరేషానై ఉరికొచ్చిండు! ఆ దినం ఊరంత రెండుమార్లు సద్ది తిన్నది."

ఐలవ్వ గిలాసలు కడుగుడు ఆపింది. "సూర్యుని సంగతి ఇడువు గని, సార ఏడిదిరా నీకు?"

"అసలైన ఇప్పసార అత్తా!"

"ఈ యేటి పువ్వు ఇంక రాలనే లేదు. పోయినేడు వానలకు కుళ్లంగ మిగిలిన పువ్వుతోని ఊరంతటికి ఒక్క కుండ కాసినం, పోచమ్మ ముంగట సాక ధార పొయ్యనీకి. గుడి ఎనుక నేనే పాతిపెట్టిన. మొన్న తీస్తే సగమే ఉంది. నా కోడలే తీసిందనుకొని అనరాని మాటలన్న గదరా!"

"అమ్మవారికి సుత జర కాఫీ రుచి..." అనబోయిండు రాయమల్లు. ఎవ్వలూ నవ్వలే.

మేస్త్రి లేచి రుమాలు దులుపుకున్నడు. "దేవతకు పొయ్యకముందే తాగినోడు దొరకు పెట్టకముందు తినడా? హనుమండ్లూ, కాఫీ నేర్పిస్తగని, పా."

హనుమండ్లు నస్పూర్ పోయిండు. రాయమల్లు పోచమ్మకు దండుగ కింద తన మేకపోతును ఇచ్చిండు.