నాన్న బిగించిన పవర్ సప్లై

రిపేరు కొట్టువాడు కంప్యూటర్ మూత విప్పుతుంటే ఆమె మాటిమాటికీ వీధి వైపు చూసింది. కొడుకు నిద్రపోతుండగా దాన్ని దొంగలా మోసుకొచ్చింది.

“ఈ గ్రాఫిక్స్ కార్డు ఎవరు కొన్నారమ్మా?”

“నేనే బాబూ. పాతది కాలిపోయింది. పెద్దదైతే మంచిదనుకున్నా.”

“అక్కడే వచ్చింది చిక్కు. దీని కరెంటు ఆకలికి ఈ పవర్ సప్లై చాలదు. ఆట తెరవగానే ఆరిపోతోంది కదూ? ఇలాగే వాడితే అంతా మాడిపోతుంది. పెద్ద సప్లై పెట్టాలి.”

“అది మాత్రం మార్చకు నాయనా. మావాడి నాన్న పోయేముందు తన చేత్తో బిగించాడు. దుమ్ము తుడవబోయినా వాడు నా చెయ్యి తోసేస్తాడు.”

“పోనీ, కార్డు తీసేద్దామా?”

“తీసేస్తే ఆ ఆట వస్తుందా?”

“రాదమ్మా.”

“ఆ ఆటలోనే తండ్రీకొడుకులు ఒక ఊరు కట్టుకున్నారు. అది చూడాలనే పొద్దస్తమానం దాన్ని తెరుస్తాడు.”

“పాతదానిలాంటి చిన్న కార్డులు ఇప్పుడు రావడం లేదు. రెండూ దక్కవమ్మా. అబ్బాయినే అడిగి రండి.”

“ఎలా అడగను? తండ్రి పోయిన దగ్గర్నుంచీ వాడి నోట మాటే లేదు.”

కొట్టువాడు స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. ఆమె ఆ పాత సప్లై మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

“మార్చెయ్ బాబూ.”

“చూస్తే మిమ్మల్ని తిట్టిపోస్తాడేమో!”

“తిట్టనీ. తిట్టడానికైనా నోరు విప్పుతాడు.”