మస్తాన్‌బీ గారి బల్ల మీది కత్తెర

1991 ఆగస్టు 12వ తేదీన షేక్ మస్తాన్‌బీ గారు జూనియర్ అసిస్టెంటుగా ప్రభుత్వ సేవలో చేరారు. ఈ నెలాఖరున, నెల్లూరులోని మా విదేశీ ఉద్యోగ సహాయ కేంద్రం సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సన్మాన సంచికలో తన గురించి నన్ను రాయమన్నది కమిటీ కాదు, ఆమే. "పొగిడేవాళ్లు చానామంది ఉండారు చిన్నపోలయ్యా. నువ్వు జరిగింది రాయి" అన్నారు. జరిగిందే రాస్తున్నాను.

తొలి సంవత్సరాలు ఆమె చిట్టమూరు వైపు పనిచేశారు. తీరంలోని ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ వెళ్లడం ఎక్కువైన రోజుల్లో ఈ కేంద్రానికి బదిలీ అయ్యారు. పరాయి దేశంలో జీతానికి పనిచేయాలంటే వర్క్ పర్మిట్ ఉండాలనీ, విజిట్ వీసా చూసి రావడానికే తప్ప పనికి చెల్లదనీ ఊరూరా తిరిగి చెప్పారు. జనానికి ఆమె మీద ఎంత గురి కుదిరిందంటే, ఆమెకు కనబడి వెళ్లడం విమానం ఎక్కేవాళ్లకు ఒక ఆచారమైపోయింది.

మన వాళ్లకు ఇంకో ఆచారం ఉంది. వీసా కవరును అమ్మవారి గుళ్లోనో దర్గాలోనో పెట్టి దారం కట్టిస్తారు. విమానాశ్రయం చేరేదాకా విప్పరు. ఏజెంట్లకు కావలసింది కూడా అదే, లోపల ఏ వీసా ఉందో ఎవరూ చూడరు. మస్తాన్‌బీ గారు భక్తిపరులు. దేవుడి దగ్గర కట్టిన దారం మీద ఆమె చెయ్యి వేసేవారు కాదు. ఎవరింటికి, ఏం పనికి అని అడిగేవారు. ఏజెంటు నేర్పిన జవాబు వాళ్లు అప్పజెప్పేవారు. సరే, పోయిరమ్మనేవారు.

2016లో నా భార్య శేషమ్మ పసుపుదారం కట్టిన కవరుతో అలాగే ఆమె ముందు నిలబడింది. లోపల ఉన్నది విజిట్ వీసా. అక్కడ జ్వరం వస్తే, పర్మిట్ లేదని తెలిసి పట్టుకుంటారన్న భయంతో ఆసుపత్రికి పోకుండా గదిలో దాక్కుంది. పెట్టెలో తిరిగి వచ్చింది. మరుసటి ఏడు నాకు ఈ కేంద్రంలో అటెండరు పని దొరికింది. ఆ తరువాత కూడా మస్తాన్‌బీ గారు దారాలు విప్పమని బతిమాలేవారే గాని, తాను విప్పేవారు కాదు. నేను చూస్తూ ఉండేవాణ్ణి.

2019 ఫిబ్రవరిలో, భోజనాల వేళ, ఆమె తమ్ముడు రఫీ వచ్చాడు. తల్లి పోయాక ఆమె చేతుల్లో పెరిగినవాడు. బస్సు టికెట్ల దుకాణం నడుపుతాడనే మాకు తెలుసు. వెంట ఇందుకూరుపేట వైపు అమ్మాయి సుప్రియ ఉంది. రాత్రికి చెన్నైలో విమానం. చేతిలో పచ్చదారం కట్టిన కవరు.

"ఎవరింటికి పోతుండావమ్మా?" అని ఆమె అడిగారు.

సుప్రియ రఫీ వైపు చూసింది. "ఆయనకే తెలుసక్కా. మీరుండారని గదా మా ఇంట్లో ఒప్పుకునింది."

తమ్ముడు అక్క పేరు చూపించి మనుషులను పోగుచేస్తున్నాడని ఆమెకు తెలిసింది అప్పుడే.

"దారం విప్పు రఫీ."

"దర్గాలో కట్టించింది అక్కా. దేవుడి దారం మీద నువ్వే చెయ్యి వెయ్యవు గదా."

ఆమె సొరుగులోంచి కత్తెర తీశారు. దారం తెగింది. లోపల విజిట్ వీసా.

"ఇదేందిరా?"

"ఆడికి పోయినాక మారుస్తారులే. అందరూ అట్నే పోతుండారు."

"మార్చకపోతే?"

రఫీ నవ్వబోయాడు. "పోలయ్యన్నా, నువ్వన్నా చెప్పు అక్కకి."

నన్ను అడిగాడు. ఆమె నా మొహం చూశారు. "చిన్నపోలయ్యా, ఆటో పిలువు" అన్నారు.

ఇంటికనుకున్నాం. సుప్రియను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, పెంచిన తమ్ముడి మీద స్వయంగా ఫిర్యాదు ఇచ్చారు. ఆ దిగ్భ్రాంతి నుంచి మా కార్యాలయం ఇప్పటికీ పూర్తిగా తేరుకోలేదు. బంధువులు ఆమె గడప తొక్కడం మానేశారు.

మర్నాటి నుంచి కత్తెర సొరుగులోకి పోలేదు. ఏ గుడి దారమైనా, ఏ దర్గా దారమైనా తెంచి, పర్మిట్ చూసి, అన్నీ సరిగా ఉంటే మళ్లీ తన చేతులతో కట్టి పంపారు. సుప్రియ మూడేళ్ల తరువాత సరైన పర్మిట్‌తో వెళ్లి, క్షేమంగా తిరిగి వచ్చింది. సన్మాన సభకు వస్తోంది. ఆ కత్తెరను జ్ఞాపికగా ఇద్దామని కమిటీ అంది. నేను వద్దన్నాను. దాని చోటు ఆ బల్ల మీదే.

శేషమ్మ దారం ఆమె తెంచలేదు. దాన్ని నేను క్షమించలేదు. క్షమించమని ఆమె అడగనూ లేదు.

రఫీ కేసు ఇంకా నడుస్తోంది. మొదటి సాక్షి మస్తాన్‌బీ గారు. తీర్పు వినేదాకా, విన్న తరువాత కూడా చాలా ఏళ్లు ఆమె ఆరోగ్యంగా ఉండాలి. పిలిచినప్పుడల్లా కోర్టు మెట్లు ఎక్కే బలం ఆమె కాళ్లకు ఉండాలి. వాయిదా ఉన్న ప్రతిరోజూ ఆటో నేనే తెస్తాను.