క్విరీన్ కంచె

ఏంటమ్మాయ్, జనం స్కీలేసుకుని మంచు మీద జారే వాలుకి అడ్డంగా ఈ కంచె ఏంటంటావా? జనాన్ని కొండ మీదికి చేర్చే ఈ లిఫ్టు చూసుకోడానికి కొత్తగా వచ్చినదానివి, అడుగుతావు మరి. ఆ పలక కొస కాస్త పట్టుకో, చెబుతా. ఇది క్విరీన్ కంచె. వాడు పోయి చాలా ఏళ్లయిందిలే. పోతూ పోతూ ఈ తలనొప్పి నాకంటగట్టి పోయాడు. ఈ వయసులో నేను సుత్తి పట్టుకుని మేకులు కొట్టాలా చెప్పు. అప్పట్లో మంచు చదును చేసే బండి నేనే నడిపేవాణ్ణి. శిఖరం నుంచి నున్నగా దువ్వుకుంటూ వచ్చి, ఇక్కడికొచ్చేసరికి ఆపెయ్యాలి. ఎందుకూ, అయ్యగారి గడ్డి మైదానం కదా. చలి మొదలై ఆవులు కిందికి దిగిపోగానే లోయలో ప్రతివాడూ కంచె ఊడదీసి పక్కన పేర్చేస్తాడు, మంచు బరువుకి విరక్కుండా. మా తాతలూ అలాగే చేశారు. వీడు మాత్రం, సరిగ్గా అప్పుడే ఇంకో రెండు పలకలు తెచ్చి కొట్టేవాడు.

కోపం ఎక్కడ మొదలైందంటే... ఆ మేకు కాదు, పొడుగుది ఇయ్యి. లిఫ్టు పెట్టే ఏడు సత్రం నడిపే లాంబెర్ట్ వాలు మీద భూములున్న వాళ్లందర్నీ పిలిచి, వేడి సూప్ పోసి, చలికాలం స్కీల జనాన్ని మీ మైదానాల మీదుగా పోనిస్తారా అని ఒక్కొక్కరినీ అడిగాడు. ఆ సాయంత్రం క్విరీన్ పైన కొట్టంలో ఈనుతున్న ఆవు దగ్గర ఉండిపోయాడు. "వాడిదేముంది, మనోడేగా, కాదంటాడా" అన్నాడు లాంబెర్ట్. అన్నాడు, వాడి మైదానంలో లిఫ్టు స్తంభం పాతించేశాడు. ఇంకేముంది. "నన్నడిగారా?" "ఇప్పుడు అడుగుతున్నాంగా క్విరీన్." "స్తంభం పాతాక అడిగితే అది అడగడం కాదు, చెప్పడం." అదే మాట, చచ్చేదాకా. చివరికి పాదిరిగారు వెళ్లి బతిమాలితే ఓ సందు వదిలాడు. ఎంత సందూ, ఆవు పట్టేంత. వచ్చినవాళ్లంతా స్కీలు విప్పి, చంకలో పెట్టుకుని, వరసలో నిలబడి దాటాలి. ఓసారి పట్నం నుంచి వచ్చిన ఓ పెద్దావిడ "ఏమయ్యా, ఇదేం దారి" అని నిలదీసింది. "మా లీజెల్ రోజూ ఇందులోంచే పోతుందమ్మా, దానికి కొమ్ములు కూడా ఉన్నాయి" అన్నాడు. ఆవిడ మళ్లీ ఈ లోయ మొహం చూడలేదు. నేను వాణ్ణి తిట్టని తిట్టు లేదు. వాడూ తక్కువ తిన్లేదులే. పొద్దున్నే నా బండి చప్పుడు వినబడగానే, తిట్టడానికే కిటికీ తెరిచేవాడు.

ఇంతకీ ఏం చెబుతున్నా... ఆ, మంచు. పైన శిఖరం దగ్గర ఎప్పుడూ రాళ్లు తేలి ఉంటాయి, చూశావుగా. కంచె దాటితే మాత్రం మోకాలు దాటిన మెత్తటి మంచు, ఈస్టర్ దాకా. మైదానం మంచిదే, మనిషే చెడ్డవాడు అనుకునేవాళ్లం. వాడు పోయాక వాడి మేనల్లుడు నవ్వుతూ కంచె పీకేశాడు. ఆ రోజు అందరం సారా తాగాం, నేను ఓ గ్లాసు ఎక్కువే తాగా. చలికాలం వచ్చింది. మంచు పడకపోలేదు. రాత్రి పడేది, తెల్లారేసరికి గాలి ఊడ్చుకుపోయి అవతల వాగులో పోసేది. మైదానమంతా ఎండుగడ్డి, రాళ్లు, పోయినేటి పేడ. మిగిలిన కాస్తా గాజులా గడ్డకట్టి, పిల్లలు కాళ్లు విరగ్గొట్టుకున్నారు. మరుసటేడూ అంతే. ఇంకో చలికాలం ఇలా అయితే లిఫ్టు పీకేద్దాం అన్నాడు లాంబెర్ట్. లిఫ్టు పోతే నేనేం చెయ్యను, కోళ్లు కాయనా?

అప్పుడు చూశా. ఆ మేనల్లుడు బద్ధకానికి ఓ మూల నాలుగు పలకలు పీక్కుండా వదిలేశాడు. వాటి వెనకాల మంచు నా ఛాతీ దాకా. మిగతా కొండంతా బోడిగా ఉంది. గాలికి కంచె అడ్డం పడితే, అది మోసుకొచ్చే మంచు ఆ వెనకాలే రాలిపోతుంది, అంతేనమ్మా సంగతి. పీకేసిన పలకలన్నీ ఏరుకొచ్చి మళ్లీ నేనే కొట్టా, ఏటా కొడుతూనే ఉన్నా.

వాడికి తెలుసా అంటావా? భలేదానివే. తెలిస్తే ఆ సాయంత్రమే పీకి పొయ్యిలో పెట్టేవాడు. మమ్మల్ని చెడగొడుతున్నానని బతికినన్నాళ్లూ మురిసిపోయాడు వెధవ, అన్నాళ్లూ మా లిఫ్టుని నిలబెట్టింది వాడే. ఈ మాట వాడి మొహం మీద చెప్పి, ఆ మొహం ఎలా మాడిపోతుందో చూడాలని నాకెంత ఉండేదో నీకు తెలీదు. సమాధి దగ్గరికెళ్లి చెప్పా కూడా. ఏం లాభం. తిరిగి తిట్టలేదు.

సందా? వెడల్పు చెయ్యమంటావా? ఓ రెండు పలకలు తీస్తే మంచుకేం కాదు, నాకూ తెలుసు. వద్దు. ఆవు పట్టేంతే ఉండనీ. అక్కడ స్కీలు విప్పుతూ జనం తిట్టుకున్నప్పుడేగా వాడి పేరు ఇంకా ఎవరి నోటనైనా వినబడేది...

చేతులు చల్లబడ్డాయి. ఆ ఫ్లాస్కులో టీ ఏమన్నా మిగిలిందేమో చూడు.