మాటనేర్పుకు పన్నెండు

పాచికలేసి ఆడే కథల ఆటకు ఆదోని నుంచి స్నేహితులు వచ్చేలోగా, ఎమ్మిగనూరులోని ఇంట్లో అన్నాచెల్లెళ్ళు హరికృష్ణ, మనస్విని తమ పాత్రల కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నారు. తన కాగితం చూడగానే మనస్వినికి ఒళ్ళు మండింది.

"అన్నా, నా పాయింట్లు ఎవురు మార్సినారు?"

"నేనే. ఉండేది ఇరవై. అందులో పన్నెండు మాటనేర్పుకే పెట్టినావు. నాది సూడు, బలానికే పద్నాలుగు. నీ పాత్ర మొదటి దెబ్బకే సస్తాది."

"పోయిన వారం ఆటలో దొంగలు పట్టుకుంటే మీ బలవంతులందర్నీ ఇడిపించింది నా పాత్ర మాటే కదా?"

"ఏదో పాచిక బాగా పడింది. నీ మంచికే మార్సినాలే."

"నేను బీఈడీలో సేరతానని నువ్వు నాయనకు సెప్పింది కూడా నా మంచికేనా? నాకు లా సదవాలనుందని నీకు తెల్దా?"

"ఆటలోకి అదెందుకు తెస్తావు?"

"రెండూ ఒకటే కాబట్టి! యాడైనా నా బదులు నువ్వే రాస్తావు, నువ్వే మాట్లాడతావు. ఒక్కసారన్నా నన్ను అడిగినావా?"

"అరవద్దు. నాయన మగ్గం కాడ ఉన్నాడు, ఇంటాడు."

"ఇననీ!"

హరికృష్ణ తల దించుకున్నాడు. "సరే, ఇట్లియ్యి. సెరిపేసి మళ్ళా పాతవే రాస్తా."

"నువ్వు రాయొద్దు. ఆ రబ్బరియ్యి."

కాగితం చిరిగేంత గట్టిగా రుద్ది, అంకెలన్నీ తనే మళ్ళీ వేసుకుంది. లేచి లోపలికి నడిచింది.

"యాడికి?"

"నాయనకు నేనే సెప్పనీకి. నువ్వు ఈడనే కూర్సో."

కొంతసేపటికి లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది.