మేస్త్రీ గారి కప్ప

మోటార్ల మేస్త్రీ ఏ బావి దగ్గరికెళ్లినా ముందు ఆయన నోరు దిగుతుంది, ఆ తర్వాత ఆయన బామ్మర్ది దిగుతాడు. పని మొదలుపెట్టినప్పట్నుంచీ ఇదే పద్ధతి. ఇవాళ మాత్రం బామ్మర్ది కాలికి పిండికట్టుతో టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. అందుకని నోరొక్కటే పనిచేస్తోంది.

కొట్టు వెనకే బావి. మోటారు గిర్రున తిరుగుతోంది గానీ చుక్క నీరు రావడం లేదు. అడుగున పైపు మూతికి బురద పట్టేసింది. ఎవరో ఒకరు ఇనప మెట్ల మీంచి దిగి ఆ బురద తియ్యాలి. టీ కొట్టు అక్క పొద్దున్నించీ పక్కవీధి నుంచి బిందెలు మోసుకొస్తోంది. చివరి బిందె ఖాళీ అయితే ఇక పొయ్యి ఆర్పెయ్యడమే.

"దిగవయ్యా మేస్త్రీ, నడుం పడిపోతోంది."

"కప్ప పలకనీ అక్కా. కప్ప పలకని బావిలో దిగకూడదు. అది మనలా ముక్కుతోనే కాదు, ఒంటి తోలుతో కూడా ఊపిరి పీలుస్తుంది. లోపల గాలి చెడితే ముందు దానికే తెలుస్తుంది."

"దీపం దింపి చూశాంగా, ఆరలేదు."

"దీపానికేం తెలుసు, పాపం!"

కప్ప కూత వినడం బావుల పనిలో ఉన్నవాళ్లందరూ చేసేదే. కానీ బావ దాన్ని పట్టుకుని వేలాడుతుంటే బామ్మర్దికి నవ్వాగలేదు. ఆ నవ్వు మేస్త్రీ కంటపడింది.

"నవ్వుతావేంట్రా? కప్ప సంగతి నన్నడుగు చెబుతా. ఆమధ్య ఓ తోటలో బావికి వెళ్లాం. అంటే వెళ్లానులే. పైపు మూతి ఊడి అడుగున పడిపోయింది. మునిగి తీశాను. అది పెద్ద గొప్పేం కాదు, ఎవడైనా తీస్తాడు."

గొప్ప కాకపోవచ్చు గానీ, తీసింది బామ్మర్ది. ఆ బురద వాసన మర్నాటిదాకా ఒంటిని వదల్లేదు. అతను టీ ఊదుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాలు రాళ్లలో ఇరుక్కుంది. పైన చూస్తే నీళ్లు, లోపల చూస్తే ఊపిరి లేదు. అయిపోయింది నా పని అనుకుంటుండగా వచ్చిందండీ ఓ బోదురుకప్ప! ఇదిగో, ఇంత!" అని మేస్త్రీ రెండు చేతులూ బార్లా చాపాడు.

బామ్మర్దికి కట్టులోపల కాలు జివ్వుమంది. కిందటి వారం బావిగట్టు మీద ఎవరికో కథ చెబుతూ బావ ఇలాగే రెండు చేతులూ చాపాడు. చాపడానికి ముందు ఆ చేతుల్లో తాడుంది. ఆ తాడు చివర బామ్మర్ది ఉన్నాడు.

"అది నా వీపెక్కి కూర్చుని, ఒంటి తోలు వదులు చెయ్యరా అంది."

"కప్ప మాట్లాడిందా?" అన్నాడు పక్క బల్ల మీద టీ తాగుతున్న దర్జీ బాబాయ్, కళ్లజోడు సర్దుకుంటూ.

"సైగ చేసింది బాబాయ్. నీళ్లలో మాట్లాడితే నోట్లోకి నీళ్లు పోవూ? సరే, వదులు చేశాను. అంతే, తోలంతా ముక్కులా పనిచేసింది! హాయిగా ఊపిరాడుతోంది. దాహమేస్తే తాగక్కర్లేదు, నీళ్లు ఒంట్లోకి వాటంతటవే ఇంకుతాయి. కప్ప నోటితో నీళ్లు తాగదు, తెలుసా?"

"మరి నా టీ నోటితోనే తాగుతున్నావేం?" అంది అక్క. "కాస్త ఒంటికి పూసుకో, గ్లాసు కడిగే నీళ్లైనా మిగుల్తాయి."

నవ్వులకి మేస్త్రీ వెనకాడే రకం కాదు. "వానాకాలమంతా అక్కడే ఉన్నాను. ఒళ్లు బిగిసినప్పుడు పాత తోలు చొక్కాలా విప్పి మింగేసేవాణ్ణి. కప్పలంతే, దేన్నీ పారెయ్యవు. మింగేటప్పుడు కళ్లు లోపలికి నొక్కుకోవాలి, ముద్దని కిందికి తోసేది కళ్లే. ఎండాకాలం బురద కప్పుకుని పడుకున్నాను. లేచేసరికి ఏం జరిగిందో తెలుసా? కాళ్లు లేవు! తోక! తోకకప్ప పెరిగి కప్పవుతుంది కదా, నేను వెనక్కి పెరిగాను!"

"ఆ ఏడాది రెండు ప్యాంట్లు కుట్టించుకున్నావు," అన్నాడు దర్జీ. "తోకకి కొలతివ్వలేదే?"

"నీ దగ్గరికొచ్చేసరికి ఒంట్లోకి ఇంకిపోయింది బాబాయ్. కప్పపిల్ల తోక రాలదు, ఇంకిపోతుంది. చివరికి నేను ఒక్క గంతేస్తే బావిలోంచి మేడ మీద పడ్డాను!"

"పైన తాడు పట్టుకోడానికి ఎవరూ లేరా?" బామ్మర్ది మొదటిసారి నోరు విప్పాడు.

"ఎవరున్నార్రా? నేనూ, ఆ కప్పా. అంతే."

బామ్మర్దికి కాలు విరిగినప్పుడు కూడా ఇంత నొప్పి కలగలేదు. బావ కోతలు కోస్తాడని ఊరందరికీ తెలుసు, కోసుకోనీ. మధ్యలో ఒక్కసారి, టీ గుక్క కోసం ఆగినప్పుడైనా, మా బామ్మర్ది దిగాడు అంటే ఏం పోయింది? కప్పకి ఇచ్చిన చోటు తనకివ్వలేకపోయాడు.

సరిగ్గా అప్పుడే కొట్టు వెనక నుంచి వినిపించింది. బెక. కాసేపాగి మళ్లీ, ఈసారి గట్టిగా, బెకబెక.

మేస్త్రీ గ్లాసులోకి చూడసాగాడు.

"పలికింది," అంది అక్క.

"పలికింది గానీ అక్కా, గొంతులో ఏదో తేడా..."

"మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు," అన్నాడు దర్జీ. "తోలుతో ఊపిరి పీల్చేవాడికి బావంటే భయమేంటయ్యా?"

"బాబాయ్, బావని ఏమీ అనకు," అన్నాడు బామ్మర్ది. "ఆయన చెప్పింది నిజమే. ప్రతి బావిలోనూ ఓ కప్ప ఉంది. అదే మునుగుతుంది, బురద అదే మింగుతుంది, పైకొచ్చాక మాట్లాడదు. కిందటి వారం దాని కాలు విరిగింది." పిండికట్టు కాలు బల్ల మీదికెత్తి అందరికీ కనిపించేలా చాపాడు. "అందుకే ఇవాళ మేస్త్రీగారు దిగలేకపోతున్నారు."

అక్క కట్టువైపు చూసింది, తర్వాత మేస్త్రీ చేతులవైపు చూసింది. మేకుకి తగిలించి ఉన్న తాడు తీసి ఆయన నడుముకి కట్టింది. మేస్త్రీ ఒక్క కప్పదాటు మాట కోసం నోరు తెరిచాడు. ఈలోపే అక్క ముడి బిగించేసింది.

బామ్మర్ది కుంటుకుంటూ బావి దగ్గరికి వెళ్లి గట్టు మీద సర్దుకుని కూర్చున్నాడు. తాడు గిలక మీద వేసి, రెండో కొస చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. మేస్త్రీ మొదటి మెట్టు మీద కాలుపెట్టి పైకి చూశాడు.

"ఒరే, గట్టిగా పట్టుకుంటావు కదా?"

"దిగు బావా," అన్నాడు బామ్మర్ది. "నాకు కథలు చెప్పే అలవాటు లేదు."