నిబారణ్ దా తొట్టెలో అడవి

సుకోమల్ ఆ ఆదివారం చేపలూ, నీటిమొక్కలూ అమ్మే గేలిఫ్ స్ట్రీట్ సంతకి వచ్చింది చేపల తొట్టె అమ్మకానికి పెట్టడానికి. కాలు విరిగి మంచమెక్కిన అక్క బూల్‌దీ కళ్లెదుట కాస్త పచ్చదనం ఉంటుందని కాళీపూజ నాడు కొన్న తొట్టె అది. వాళ్లుండే కింది అంతస్తు గదికి కిటికీ ఉందిగానీ, దానికి మూరెడు దూరంలోనే పక్కింటి గోడ. తొట్టెలో మూడుసార్లు, నీళ్లలో పెరిగే కాడమొక్కలు నాటాడు. మూడుసార్లూ అడుగునుంచి కుళ్లి ఆకులు రాల్చేశాయి. నిన్న అక్క అటు చూసి, "అవీ నాలాగే పడుకున్నాయిరా," అంది. ఆ తొట్టె ఇక ఇంట్లో ఉండకూడదనుకున్నాడు.

ఈ సంగతి టీకొట్టు బల్లమీద చెప్పుకోవడం అతను చేసిన పొరపాటు. (ఆ కొట్టులో టీకి చేపల వాసన వస్తుంది, అయినా అందరూ అక్కడే తాగుతారు, అది వేరే సంగతి.) బల్ల ఆ చివర, అందరికీ అన్నలాంటి నిబారణ్ దా ఉన్నాడు. ట్రామ్ కండక్టరుగా ముప్ఫై ఏళ్లు గంట వాయించి రిటైరైన మనిషి. ఇప్పుడాయనకి నోరే గంట.

"నీదీ ఒక చీకటేనా తమ్ముడూ? మా గదిలో మిట్టమధ్యాహ్నం పిల్లి గోడకి గుద్దుకుంటుంది. సూర్యుడు ఏడాదికోసారి, మహాలయ నాడు, గడపదాకా వచ్చి 'నిబారణ్ బాబు ఉన్నారా' అని అడిగి వెళ్లిపోతాడు. అలాంటి గదిలో ఒక్క కాడ నాటాను. వారంలో జానెడు పెరిగింది."

"జానెడైతే నమ్ముతాం," అన్నాడు టీ పోస్తున్న కానై.

"నువ్వు నమ్మకు, విను చాలు. నెల తిరిగేసరికి తొట్టె మూత లేపింది. వెలుతురు కావాలిగా పాపం, కిటికీలోంచి తల బయటపెట్టి, గొట్టం పట్టుకుని మూడో అంతస్తుకి పాకింది. ఘోషాల్ గారి ఆవిడ ఎవరో కొత్త తాడు కట్టారనుకుని చీరలు ఆరేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాడ నిండా నీళ్లే కదా, నా చేపలు దాంట్లోంచే పైకెళ్లి, ఆవిడ బాల్కనీ దగ్గర షికారు చేసి, నా ఈల వినగానే మేతకి దిగొచ్చేవి."

"చీరలు తడవలేదా దాదా?" అన్నాడు కానై.

"మధ్యలో అడ్డుపడకు. ఒకరోజు అది శ్యామ్‌బజార్ ట్రామ్ తీగ అందుకుంది. డ్రైవరు కరెంటు కట్టేశాడు, అయినా బండి ఆగదు. మొక్కే లాగుతోంది! ధర్మతలా దాకా టిక్కెట్లు నేనే కోశాను. ఆకులు వదిలే బుడగల గాలికి పేటలో ఆయాసం రోగులంతా ఫుట్‌బాల్ ఆడారు. వేళ్లు గంగ నీళ్లు పీల్చి పీల్చి, హౌరా వైపు పడవలన్నీ బురదలో కూర్చున్నాయి. పడవలవాళ్లు వచ్చి కాళ్లమీద పడితే, జాలిపడి రంపంతో కోశాను. ఆ కొనలే ఇవాళ ఈ సంతంతా అమ్ముతున్నారు. ఇక్కడి ప్రతి ఆకూ నా తొట్టె బిడ్డే!"

అందరూ నవ్వారు. సుకోమల్ కూడా నవ్వాడు, కానీ లోపల ఆశ పుట్టింది. ఇందులో వీసమెత్తు నిజమున్నా చాలు.

"దాదా, మీ తొట్టెలోది ఒక్క కాడ ఇప్పిస్తారా?"

నిబారణ్ దా దర్జాగా సంచీలోంచి తడి కాగితం చుట్టిన కట్ట తీశాడు. "తీసుకో. పొద్దున్నే నా చేత్తో కోశాను."

టీకొట్టు పక్కనే నీళ్ల తొట్ల మధ్య కూర్చుని మొక్కలమ్మే ఫూల్‌మణి మాసీ అంతసేపూ తలెత్తలేదు. ఇప్పుడు చెయ్యి చాపి ఆ కట్ట అందుకుంది. కింద చుట్టిన సీసం రేకుని బొటనవేలితో తడిమింది.

"మూడు మెలికలు. ఈ సంతలో మూడు మెలికలు వేసేదాన్ని నేనొక్కదాన్నే. గంట క్రితం చుట్టాను. ప్రతి ఆదివారం రెండు కట్టలు పట్టుకెళ్తావు కదా బాబూ, ఇంట్లో అడవి ఉన్నవాడికి కట్టలెందుకు?"

కానై నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోశాడు. నిబారణ్ దా చెవులు కందిపోయాయి.

మాసీ సుకోమల్ వైపు తిరిగింది. "నువ్వూ రేకుతోనే పాతేశావా?"

"మీరు ఎలా ఇస్తే అలాగే."

"అయ్యో నాయనా! అది ఇంటిదాకా మోసుకెళ్లడానికి! ఆఫీసు వేళ బస్సులో జనంలా అన్నిటినీ ఒక్క గుంటలో కుక్కితే, ఉన్న కాస్త వెలుతురూ వాటి కాళ్లదాకా దిగదు. కుళ్లక ఏం చేస్తాయి? రేకు విప్పు. నల్లబడిన అడుగు కోసెయ్. ఒక్కో కాడా విడిగా, రెండు వేళ్ల ఎడంతో నాటు. చీకటిలో మెల్లగానే పెరుగుతాయి, తొందరపెట్టకు."

నిబారణ్ దా మాసీ చేతిలోని కట్టకేసి చూశాడు.

"రేకు... విప్పాలా?" అన్నాడు నిబారణ్ దా చిన్నగా.

ఈసారి ఎవరూ నవ్వలేదు. సుకోమల్ కట్ట అందుకుని అక్కడే రేకు విప్పి, కాడలు సగం తీసుకుని, సగం ఆయన సంచీలో పెట్టాడు. తొట్టె అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

నాలుగో ఆదివారం సుకోమల్ బల్లమీద కూర్చుంటూనే చెప్పాడు: "మా అక్క నిన్న అంది, 'ఒకటి లేచి కూర్చుందిరా' అని. తనూ దిండుకి ఆనుకుని కూర్చుని మరీ చూసింది."

"మరి మీది, నిబారణ్ దా?" అన్నాడు కానై కన్నుగీటి. "ట్రామ్ తీగ అందుకుందా?"

నిబారణ్ దా మట్టికప్పు బల్లమీద పెట్టి, రెండు వేళ్లు కాస్త ఎడంగా పట్టి చూపాడు.

"ఒక్క అంగుళం," అన్నాడు. "కానీ నిజంగా పెరిగిందిరా."